లెక్కలోకి రానివి

ఫిబ్రవరి 8

వందలో ముగ్గురట. డాక్టరమ్మ ఎంత తేలిగ్గా అనేసింది ఆ మాట! మా ఆవిడ తలలో ఎడమవైపు, చెవికి కాస్త పైన, గోరంత మచ్చ ఉందట. ఫిట్స్ పుట్టేది అక్కడేనట. దాన్ని తీసేస్తే వందలో డెబ్బై మందికి మళ్ళీ రావట. ముగ్గురికి మాత్రం మాట తడబడవచ్చు, లేదా కుడిచేతి పట్టు తప్పవచ్చు. ఇదంతా పెన్ను మూత తిప్పుకుంటూ చెప్పింది.

"ఆ ముగ్గురూ ఎవరో ముందే తెలుస్తుందా?" అని అడిగాను.

"తెలిస్తే వాళ్ళకి చెయ్యం కదండీ" అంది.

మా ఆవిడ ఫక్కున నవ్వింది. "చేసెయ్యండి మేడమ్. ఇన్నేళ్ళూ నేను అందరికీ తారీఖులిచ్చాను, ఈసారి మీరు నాకివ్వండి" అంది. తను టైలరు. ఇచ్చిన తారీఖు ఏనాడూ తప్పలేదు, ఆ గర్వం దండిగా ఉంది.

"ఆలోచించుకుని చెప్తాం" అన్నాను నేను.

తను ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "తల నాది, ఆలోచన మీదా?" అంది.

ఫిబ్రవరి 10

ఇవాళ మా ఫ్యాక్టరీలో తలుపులు పరీక్షించే హాలు చూడడానికి ఎవరో పెద్దలొచ్చారు. పన్నెండు లిఫ్టు తలుపులు వరసగా నిలబడి, వెనక లిఫ్టులే లేకుండా, పొద్దస్తమానం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే వాళ్ళకి నవ్వొచ్చింది. "ఇవి ఎక్కడికి పోతాయండీ?" అన్నాడొకాయన. "పది లక్షలకి" అన్నాను. అన్నిసార్లు తెరుచుకుని మూసుకున్నాకే ఆ రకం తలుపు గేటు దాటుతుంది. మధ్యలో ఆగితే ఎందుకు ఆగిందో వెతికి, బాగుచేసి, మళ్ళీ వదులుతాం. రెండు ఆగుడుల మధ్య ఎడం పెరుగుతోందా, తరుగుతోందా? ఇరవై రెండేళ్ళుగా నా బతుకు అదే. ఆ ఎడాన్ని గీతగా గీస్తాను. గీత పైకి పోతే తలుపు బాగుపడుతున్నట్టు. అడ్డంగా పోతే మా తిప్పలు దండగైనట్టు. కిందికి దిగితే ఇక చెప్పేదేముంది.

వాళ్ళు వెళ్ళాక సోమవారం మీటింగు. ఆగిన తలుపుని లెక్కలో వెయ్యాలా, కొట్టెయ్యాలా అని తేల్చేది ఇక్కడే. నాలుగో నంబరు ఆగింది. "ఊడ్చేవాళ్ళు చెత్తంతా తలుపు జారే పట్టాలోకి తోశారండీ. తలుపు తప్పేముంది? కొట్టెయ్యండి" అన్నాడు డిజైన్ ఆయన. "జనం ఉండే బిల్డింగుల్లో ఊడవరా?" అన్నాను. ముఖం మాడ్చుకున్నాడు. లెక్కలో వేశాను. వెనకాల నన్ను చిత్రగుప్తుడంటారని తెలుసు. ఫిట్టరైతే ముఖానే అంటాడు.

వందలో మూడు తలుపులు పాడైతే నేను సరుకు గేటు దాటనివ్వను. అలాంటిది, మా ఆవిడ తలా?

ఫిబ్రవరి 13

డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడాను. మాత్రలు కొంచెం పెంచింది. మే నెల దాకా చూసి అప్పుడు తేలుద్దామంటే సరేనంది. అసలు కొలవకుండా కత్తి పట్టుకోవడమేమిటి? ఆఫీసు నుంచి గళ్ళ కాగితం ఒకటి తెచ్చి బీరువా తలుపు లోపలివైపు అతికించాను. ఫిట్ వచ్చిన ప్రతిసారీ ఒక చుక్క. రెండిటి మధ్య ఎన్ని రోజులో అంత ఎత్తు.

తను నడుం మీద చేతులేసుకుని చూసింది. "నాకూ నంబరేశారా? పదమూడా?"

"నీకు నంబరెందుకు, నువ్వొక్కదానివేగా" అన్నాను.

"సరే, గీసుకోండి. పైకి పోతే మీ మాట. పోకపోతే మారుమాట్లాడకుండా ఆపరేషన్. ఒప్పందమేనా?"

"ఒప్పందమే" అన్నాను. చెయ్యి చాపింది. చేతిలో చెయ్యి వేశాను.

తను భయపడదు, అదే నా భయం.

ఫిబ్రవరి 16

వచ్చింది. చుక్క పెట్టాను. ముందుదానికీ దీనికీ ఆరు రోజులు.

ఫిబ్రవరి 22

పొద్దున ఏడుంపావు, వంటింట్లో. చేతిలో గ్లాసు అలాగే ఉంది, చూపు మాత్రం లేదు. పెదాలు ఏదో నములుతున్నట్టు కదిలాయి. కుడిచెయ్యి కొంగుని పిసుకుతూనే ఉంది. యాభై సెకన్లు. నేను గ్లాసు తీసి పక్కన పెట్టి, భుజం పట్టుకుని నిలబడ్డాను. తేరుకుని నన్ను ఎగాదిగా చూసి, "ఎందుకలా పట్టుకున్నారు?" అంది. వచ్చి పోయిన సంగతి తనకి తెలియదు.

చుక్క పెట్టబోయి మాత్రల డబ్బా చూశాను. నిన్నటి మాత్ర అలాగే ఉంది. మింగడం మరిచిపోయింది! అంటే ఇది మందు పనిచెయ్యకపోవడం కాదు, మందు పడకపోవడం. రెండూ ఒకటెలా అవుతాయి? లెక్కలోకి రాదు.

మార్చి 4

జ్వరం తనకి, నూటరెండు. మధ్యాహ్నం మంచం మీదే వచ్చింది. నిమిషం పది సెకన్లు. జ్వరంలో మామూలు మనిషికే ఒళ్ళు తెలీదు. లెక్కలోకి రాదు.

మార్చి 9

ఇవాళ వచ్చింది. కారణమేమీ కనపడలేదు. చుక్క పెట్టాను. ఫిబ్రవరి పదహారు నుంచి ఇరవై ఒక్క రోజులు! ఆరు నుంచి ఇరవై ఒకటి. మా తలుపులు కూడా ఇంత తొందరగా బాగుపడవు. పిలిచి చూపించాను. "బావుంది" అంది. తలనొప్పిగా ఉందని పడుకుంది.

మార్చి 17

మీటింగులో రెండు గంటలు. రెండో నంబరు సెన్సార్ మీద ఎండ పడిందట, అందుకని ఆగిందట, కొట్టెయ్యాలట. డిజైన్ ఆయనకి చివరికి ఒళ్ళు మండింది. "మీరు మనిషేనా అండీ? కారణం కళ్ళెదుట కనిపిస్తుంటే!" అన్నాడు.

"కారణం లేని ఆగుడు ఈ లోకంలో లేదయ్యా. కారణం ఉందని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి ఆగని తలుపే మిగులుతుంది, కాగితం మీద" అన్నాను.

లెక్కలో వేశాను. ఈ మాట నాకే నచ్చి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 2

పొద్దున గొడవ. షాపుకి నేను దిగబెడతానన్నాను. "పక్క వీధికి కాపలానా?" అంది. మాటామాటా పెరిగింది. అరిచాను. తను మెట్లు దిగుతూ ఆగిపోయింది, చెయ్యి గోడని తడుముతోంది. పరుగెత్తి పట్టుకున్నాను. నలభై సెకన్లు. ఇంకో మెట్టు దిగుంటే ఏమయ్యేదో!

సాయంత్రం బట్టలు సర్దడానికి బీరువా తెరిచింది. కాగితం చూస్తూ నిలబడింది.

"పొద్దుటిది వెయ్యలేదేం?"

"అది కోపం వల్ల వచ్చింది."

"కోపం తెప్పించింది మీరేగా?"

"అందుకే లెక్కలోకి రాదు. ఇకనుంచి నేను అరవను. అరవకపోతే రాదు."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. బీరువా మూసేసి, "అన్నం పెడతాను, రండి" అంది. నేను చెప్పింది సబబుగానే తోచినట్టుంది.

ఏప్రిల్ 20

పద్ధెనిమిది రోజులుగా ఒక్కటీ లేదు! ఆదివారం కదా, భోంచేసి నడుం వాల్చాను. లేచేసరికి సాయంత్రం ఐదు. పగటిపూట ఇలా నిద్రపోయి ఏడాదైందేమో. తను పక్కనే కూర్చుని గుండీలు కుడుతోంది. "గురక వింటూ కూర్చున్నాను, హాయిగా ఉంది" అంది. నా గురక హాయిగా ఉందన్న మనిషి లోకంలో ఈవిడొక్కతే.

మే 6

ఈ మధ్య తెల్లవారకముందే షాపుకి పోతోంది. పని ఎక్కువైందట. అలసట వల్లేమో, గుడ్డలు పాడుచేస్తోంది. ఇవాళ ఎవరిదో మంచి బట్ట, సుద్దగీత సగం దాకా సరిగ్గా వచ్చి అక్కణ్ణుంచి అడ్డదిడ్డంగా పోయింది. దులిపితే పోలేదని ఇంటికి తెచ్చి ఉతుకుతోంది. ఇరవయ్యేళ్ళలో ఆ చేతికి వంకరగీత పడ్డం నేను చూడలేదు. కళ్ళజోడు మార్చాలి. వచ్చే వారం తీసుకెళ్తాను.

మే 21

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. "ఇంత శుభ్రంగా రాసుకొచ్చినవాళ్ళని నేను చూళ్ళేదండీ. మార్చి తొమ్మిది తర్వాత ఒక్కటి కూడా లేదా?"

"లేదు" అన్నాను.

మా ఆవిణ్ణి అడిగింది, "నిజమేనామ్మా? మీకేమైనా తేడాగా అనిపిస్తోందా?"

తను నావైపు చూసింది. "ఆయన రాసిందే కరెక్టు మేడమ్" అంది.

ఇలా ఉంటే ఇప్పట్లో ఆపరేషన్ అక్కర్లేదంది డాక్టరమ్మ. మళ్ళీ నవంబరులో రమ్మంది. పోయిన వారం తలకి తీసిన స్కాన్ ఫైల్లో పెట్టేసింది. బయటికొచ్చాక నాకు నడుస్తున్నట్టు లేదు, ఎవరో ఎత్తుకుని తీసుకెళ్తున్నట్టుంది. "నీకు సంతోషమేనా?" అని అడిగాను.

"మీకు సంతోషమేనా?" అని తను అడిగింది.

"నాకు కాక ఇంకెవరికి?"

"అయితే నాకూనూ" అంది.

కళ్ళు తుడుచుకుంది. ఆనందం వచ్చినా తను అంతే, ఏడుస్తుంది.

మే 22

ఇవాళ రెండుసార్లు మారు వడ్డించుకున్నాను.

జూన్ 11

వచ్చింది, నా ఎదుటే, టీవీ చూస్తుండగా. లెక్కేశాను. మార్చి తొమ్మిది నుంచి తొంభై నాలుగు రోజులు! కాగితం ఎత్తు చాల్లేదు, పైన ఇంకోటి అతికించాను. గీత బీరువా తలుపు పైఅంచుని తాకుతోంది.

తేరుకున్నాక తను, "ఇది చూశారా?" అని అడిగింది. "చూశాను, తొంభై నాలుగు!" అన్నాను. తల ఊపింది.

జూలై 14

తొమ్మిదో నంబరు బెల్టు జారింది. కరెంటు ఒక్క క్షణం తగ్గిందట ఆ టైముకి. డిజైన్ ఆయన అలవాటుగా "కొట్టెయ్యండి" అన్నాడు, అలవాటుగా నా తిట్లకి సిద్ధపడి కూర్చున్నాడు.

"కొట్టేద్దాం" అన్నాను.

మీటింగు అయ్యాక ఫిట్టర్ నా వెనకే వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, వచ్చే ఏడు రిటైరవుతాడు. "ఒంట్లో బాగుందా సార్?" అన్నాడు.

"బాగానే ఉంది. ఏం?"

"ఏంలేదు. కరెంటు తగ్గితే జారేది బెల్టు కాదు గదా, మోటారు కదా ఆగాల్సింది. మీకు తెలీందేముంది" అని తలుపుల వైపు వెళ్ళిపోయాడు.

ముసలాయనకి ప్రతిదీ పెద్దది చెయ్యడం అలవాటు.

జూలై 27

వచ్చింది. నిద్ర తక్కువైంది తనకి. లెక్కలోకి రాదు.

ఆగస్టు 7

పనుండి మధ్యాహ్నం బయటికొచ్చి షాపు మీదుగా వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. పక్క గదిలో తాళాలు బాగుచేసే ఆయన బయట స్టూలేసుకుని, షట్టరుకి అడ్డంగా కూర్చున్నాడు. నన్ను చూసి కంగారుగా లేచి, "అమ్మగారు కాస్త నడుం వాల్చారు సార్" అన్నాడు. కిందనుంచి చూస్తే కాళ్ళు కనిపించాయి, చాప మీద. చెప్పులు విప్పలేదు.

నిద్ర చెడగొట్టడమెందుకని వెనక్కి వచ్చేశాను.

ఆగస్టు 8

చెప్పులు విప్పకుండా ఎందుకు పడుకుంటుంది?

ఎండ. నేల కాలుతుంటుంది.

సెప్టెంబరు 12

ఇస్త్రీపెట్టె మీద చెయ్యి. కుడిచెయ్యి. అరచెయ్యి, నాలుగు వేళ్ళు.

ఆస్పత్రి నుంచి రాస్తున్నాను. ఇంకేమీ రాయలేను.

సెప్టెంబరు 13

తాళాలాయన పొద్దున్నే వచ్చాడు, షాపు తాళంచెవి ఇవ్వడానికి. వార్డు బయట నిలబడ్డాడు. తర్వాత భోరుమన్నాడు.

"నన్ను తిట్టండి సార్. నేను చెప్పాల్సింది. ఇలా వచ్చినప్పుడల్లా షట్టరు సగం దించేవాణ్ణి, దారిన పోయేవాళ్ళు చూడకుండా. అమ్మగారు తేరుకుని, 'మా ఆయనకి చెప్పకు బాబాయ్, చెప్తే మా ఇద్దరికీ నిద్రుండదు' అనేవారు. ఒట్టేయించుకున్నారు. నిన్న తాళం తియ్యడానికి ఎవరింటికో పోయాను. వచ్చేసరికి..."

"ఇలా వచ్చినప్పుడల్లా అంటే, ఎన్నిసార్లు?"

"నేను చదువుకున్నోణ్ణి కాదు సార్. చాలాసార్లు."

మా ఆవిడ మందుల మత్తులో ఉంది. తాళాలాయన్ని కూర్చోమన్నాను. ఇద్దరం వార్డు బయటి బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఆయన్ని తిట్టడానికి నాకు నోరెక్కడిది?

సెప్టెంబరు 15

తనే చెప్పింది, షాపులో కొలతల నోటుబుక్కు తెమ్మని. తెచ్చాను. ఎడంచేత్తో పేజీలు తిప్పింది. ఛాతీ ముప్ఫై ఆరు, నడుం ముప్ఫై, భుజం పద్నాలుగున్నర. ఎవరెవరి ఒళ్ళో. అంచుల్లో ఎర్ర పెన్సిలుతో చిన్న చిన్న ఇంటూ గుర్తులు, పక్కన తారీఖు.

"మీరు చూసినవి ఇందులో లేవు. నేను పట్టుకున్నవే" అంది.

"నీకెలా తెలిసేది? వచ్చినట్టు నీకు తెలియదు కదా?"

"సుద్దగీత చెప్పేది. నా గీత ఎక్కడ ఆగిందో నాకు తెలుసుగా. అక్కణ్ణుంచి పక్కకి పోయిందంటే వచ్చి పోయినట్టే. సుద్ద చేతిలో లేనప్పుడు వచ్చినవి దీంట్లో ఉండవు."

మొదటి గుర్తు ఏప్రిల్ ఐదు. నేను అరవను, ఇక రాదు అని చెప్పిన మూడోరోజు. ఆఖరిది సెప్టెంబరు పన్నెండు, ఇప్పుడే నా ఎదుట, మంచం మీద ఎడంచేత్తో వేసుకున్నది. ముప్ఫై ఎనిమిది.

"ఎందుకు చేశావే ఇలా?" అన్నాను. అరవకూడదనుకుంటూనే అరిచాను.

తను అరవలేదు. "మొదట్లో కోపంతోనే దాచాను. వేసినా మీరెలాగూ కొట్టేస్తారని. తర్వాత చూశాను. గీత పైకి పోయిన రోజు మీరు అన్నం తినేవారు. పడుకుంటే నిద్రపట్టేది మీకు. ఇద్దర్లో ఒకరైనా నిద్రపోవాలిగా."

"డాక్టరు అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా?"

"చెబుదామనే వచ్చాను. మీరు కాగితం చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నారు. నోరు రాలేదు."

పిల్లలు లేరు మాకు. తను ఆ మాట ఊరికే అనదు.

సెప్టెంబరు 19

ఇంటికొచ్చాం. కాగితం చించేద్దామని బీరువా తెరిచి, చించలేదు. వెనకవైపు తిప్పి అతికించి, అన్నీ వేశాను. నేను చుక్క పెట్టినవి, కొట్టేసిన నాలుగు, తన ముప్ఫై ఎనిమిది. తనవే ఏప్రిల్లో మూడు, మేలో నాలుగు, జూన్లో ఆరు, జూలైలో ఎనిమిది, ఆగస్టులో పదకొండు, ఈ నెల పన్నెండు రోజుల్లో ఆరు.

గీత మార్చిలో కాస్త తలెత్తింది. అక్కణ్ణుంచి నెలనెలా దిగుతూనే ఉంది. దీన్ని ఏ తలుపుకైనా గీసి ఫిట్టర్ చేతికిస్తే, "ఇంకా నడుపుతున్నారేంటి సార్, ఆపించండి" అనేవాడు.

వందలో మూడు, వందలో మూడు అని ఏడు నెలలు జపం చేశాను. చేయించుకోకపోతే వందలో ఎంతమందికి ఏమవుతుందో ఒక్కసారైనా డాక్టరమ్మని అడగలేదు. ఇరవై రెండేళ్ళ అనుభవం!

సెప్టెంబరు 22

మీటింగులో తొమ్మిదో నంబరు జూలై ఆగుడు మళ్ళీ లెక్కలో వేయించాను. డిజైన్ ఆయన మండిపడ్డాడు. రెండు నెలల పని వెనక్కి పోయిందన్నాడు. తప్పు నాదని ఒప్పుకుని రాసిచ్చాను. మినిట్సులో ఆ ముక్క రెండు లైన్లు కూడా లేదు. ఒప్పుకోవడం ఇంత చిన్న పనా అనిపించింది, తర్వాత ఒళ్ళు మండింది నా మీద నాకే.

సెప్టెంబరు 24

డాక్టరమ్మ దగ్గర రెండో కాగితం పెట్టాను. మొదటిదాన్లో కొట్టేసినవి ఎందుకు కొట్టేశానో ఒక్కొక్కటీ చెప్పాను. మాత్ర, జ్వరం, కోపం, నిద్ర. గదిలో వినిపిస్తుంటే ఎంత చవకగా ఉన్నాయో ఆ మాటలు.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "పేషెంటు ఇంట్లోవాళ్ళ మాట మీద నేనెప్పుడూ ఆగనండీ. మీ గీత చూసి ఆగాను. అంత శుభ్రంగా ఉంది" అంది. తర్వాత, "వచ్చే నెల ఆరున చేర్చండి. వారం రోజులు తలకి వైర్లు పెట్టి చూస్తాం. ఇంకా ఆ మచ్చ దగ్గరే పుడుతుంటే చేసేద్దాం" అంది.

చేసేద్దాం అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

సెప్టెంబరు 30

కట్టు విప్పారు. చూపుడువేలు, మధ్యవేలు వంగడం లేదు. కత్తెర పట్టించి చూడమంది. పట్టించాను. జారిపడింది. "ఆపరేషన్ అయ్యాక నేర్చుకుంటాను, ఎడంచేత్తో" అంది. ఎవరికో ఇవ్వాల్సిన బట్టలు చెల్లెలికి అప్పజెప్పింది, కొలతలు ఒక్కొక్కటీ నోటితో చెప్పి. మా మరదలు రాసుకుంటూ ఏడుస్తోంది. "ముందు నడుం కొలత సరిగ్గా రాయి, తర్వాత ఏడుద్దువుగాని" అని కసిరింది.

అక్టోబరు 9

నాలుగో రోజు. తలంతా వైర్లు. "మీ తలుపుల గది ఇలాగే ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నాను. "పాపం" అంది, తలుపుల గురించి.

ఈ నాలుగు రోజుల్లో ఐదు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ నర్సు పరుగెత్తుకొచ్చి గంట నొక్కి టైము రాసుకుంటుంది. ఎందుకొచ్చిందని అడగదు.

అక్టోబరు 11

డాక్టరమ్మ నన్నొక్కణ్ణే పిలిచింది. తెర మీద గీతలు చూపించింది. నాకు అర్థం కావాల్సిన అవసరం లేదు, ఆవిడ ముఖం చాలు.

"ఇప్పుడు కుడివైపు నుంచి కూడా మొదలవుతున్నాయండీ. ఎడమవైపు తీసినా ఆగవు. రెండువైపులా తియ్యకూడదు, మనిషికి ఏదీ గుర్తుండకుండా పోతుంది."

"మే నెల్లో?"

"మేలో తీసినవి మళ్ళీ చూశాను. ఎడమవైపు ఒక్కటే ఉంది" అంది. "మీకు అబద్ధం చెప్పలేను. అప్పుడైతే చేసేదాన్ని. తగ్గేది" అంది.

మందులు మారుస్తుందట. మిషను, ఇస్త్రీ, మెట్లు, ఒంటరిగా బయటికెళ్ళడం, అన్నీ బందు. ఎన్నాళ్ళు అనడిగితే తెర ఆపేసింది.

లోపలికెళ్ళాను. "ఏమంది?" అని అడిగింది. "ఇంకా చూడాలంది" అన్నాను.

అక్టోబరు 12

ఇవాళ కూడా చెప్పలేదు. రిపోర్టు రాలేదన్నాను. నా నాలుక తెగిపోదేం?

అక్టోబరు 13

పొద్దున పదింటికి వైర్లు తీశారు. జుట్టుకి జిగురంతా అంటుకుంటే దువ్వుతూ కూర్చున్నాను. ఎడంచెయ్యి నా చేతిలో పెట్టి, "ఆపరేషన్ లేదు కదా?" అంది.

"లేదు."

"రెండోవైపు కూడానా?"

"నీకెవరు చెప్పారు?"

"నర్సులు మాట్లాడుకుంటారు. నేను మత్తులో ఉన్నాననుకుంటారు." దువ్వెన నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. "నాకు తెలియాల్సింది ఒక్కటే. అప్పుడే చేయించుకునుంటే తగ్గేదా?"

నోటి చివర ఎన్ని మాటలున్నాయో. ఏమో, ఎవరు చెప్పగలరు అనొచ్చు. వందలో ముప్ఫై మందికి ఎలాగూ తగ్గదు కదా అనొచ్చు, అదీ నిజమే. ఈ ఏడాదంతా నేను చెప్పినవన్నీ అలాంటి నిజాలే.

"తగ్గేది" అన్నాను. "అప్పుడు ఒకవైపే ఉందట. డాక్టరమ్మ చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"మొన్న."

"రెండు రోజులు దాచారన్నమాట. నేను ఐదు నెలలు దాచానులెండి" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. పెదాలు వణికాయి. ఫిట్ వస్తోందేమోనని నేను గడియారం వైపు చూశాను. చూసినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. అది ఫిట్ కాదు. ఏడుపు.

"ఆ రోజు నేను చెయ్యమన్నాను కదండీ" అంది. "నా నోటితో నేను అన్నాను. తారీఖు కూడా అడిగాను."

"అన్నావు."

"మీరే వద్దన్నారు."

"నేనే."

తను దాచడం కూడా తప్పేనని అంటుందేమోనని కాచుకున్నాను. అంటే కాదని చెబుదామని మాట సిద్ధంగా పెట్టుకున్నాను. అనలేదు. తన చెయ్యి నా చేతిలోంచి మెల్లగా తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది.

"కాసేపు బయట కూర్చోండి. నేనే పిలుస్తాను" అంది.

బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పదిన్నరకి వచ్చాను, ఇప్పుడు ఒంటిగంట దాటింది. నర్సు రెండుసార్లు లోపలికెళ్ళి వచ్చింది. నిద్రపోతోందా అని అడిగాను. లేదండీ, మెలకువగానే ఉన్నారు, అంది.

ఇంకా పిలవలేదు.